ఆఖరి పోగు

ఆ చలికాలం హాన్లీ గుండె మొరాయించకపోయి ఉంటే మా ఆయన జీవితాంతం రెండో కుర్చీలోనే కూర్చునేవాడు, నేను ఐదో సీట్లోనే కూర్చునేదాన్ని. ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. కనీసం ఆ బాధకి ఒక పేరంటూ ఉండేది కాదు.

జనవరి నెల. మంచు కురిసి కురిసి వీధి చివర ఉత్తరాల డబ్బా కూడా కనపడని రోజులు. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరి బూట్లు తొడుక్కుంటున్నాను, ఫోన్ మోగింది. మా చర్చి ఈ ఊళ్ళో లేదు. నా జుట్టుకి జడలల్లగలిగే మనిషీ ఈ ఊళ్ళో లేదు. రెండూ పియోరియాలోనే, మొక్కజొన్న చేల మధ్య నుంచి గంట ప్రయాణం. మా ఊరు బ్రాడ్‌ఫీల్డ్‌లో నల్లవాళ్ళంటే కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళూ, మేమిద్దరమూ, అంతే. ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు గానీ మాకంటే తెలివైనవాడు, రెండు చలికాలాలు చూసి మూటాముల్లె సర్దుకున్నాడు.

ఫోన్ చేసింది క్రెయిగ్ వెస్టన్. కాలేజీలో ఆటలన్నిటికీ డైరెక్టరు. హెడ్ కోచ్ హాన్లీ రాత్రి ఇంట్లో కుప్పకూలాడనీ, గుండెకి ఆపరేషన్ చేస్తున్నారనీ, ఈ సీజన్‌కి ఇక తిరిగి రాడనీ చెప్పాడు. మా ఆయన వింటూ "అయ్యో", "అలాగేనండీ", "అయ్యో" అంటున్నాడు. ఫోన్ పెట్టేశాక మేజోళ్ళతో వంటింట్లో అలాగే నిలబడిపోయాడు.

"హాన్లీకి ప్రాణభయం లేదట" అన్నాడు.

"దేవుడి దయ. మరి నీ సంగతి?"

"నా సంగతేంటి?"

"నిన్నేమన్నాడు ఓడెల్?"

"ప్రస్తుతానికి చూసుకోమన్నాడు."

"హెడ్ కోచ్‌వి నువ్వేనన్నాడా?"

"చూసుకోమన్నాడు వెర్నెట్టా. ప్రస్తుతానికి."

మా ఆయన అసిస్టెంటు కోచ్ పనిలో తల నెరిశాడు. ఆ పనంటే ఏమిటంటే, పెద్ద ఊళ్ళ సందులన్నీ తిరిగి పొడుగాటి పిల్లల్ని వెతకడం, వాళ్ళ అమ్మల దగ్గర కూర్చుని తినమన్నది తినడం, పిల్లల్ని ఇక్కడికి తీసుకురావడం. తెచ్చాక వాళ్ళు క్లాసులకి వెళ్తున్నారా, ఇంటి మీద బెంగ పెట్టుకున్నారా అని చూసుకోవడం. ఎత్తులు వేసి ఆట గీసే పని మాత్రం హాన్లీది. దేశంలో ఏ కాలేజీకి వెళ్ళి చూసినా దాదాపు ఇదే వరస. కోర్టులో పరిగెత్తేది మా పిల్లలు, బెంచీ మీద రెండో కుర్చీలో మావాడొకడు, మొదటి కుర్చీలో హాన్లీ లాంటివాడు. మావాళ్ళలో మొదటి కుర్చీ ఎక్కినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ పేర్లు మాకు చుట్టాల పేర్లలా నోటికి వచ్చు. అంత తక్కువమంది కాబట్టే వచ్చు.

మాకు పిల్లల్లేరు. ఉన్నదల్లా ఊళ్ళవాళ్ళు కన్న ఈ పొడుగు పిల్లలే. ఆ పొద్దున ఆయన మేజోళ్ళ కాళ్ళ వంక చూస్తూ నేను చేతిలో బూటు అలాగే పట్టుకుని ఉండిపోయాను. అది ఆశ అని తెలియడానికి చాలాసేపు పట్టింది. అప్పటికే చర్చికి ఆలస్యమైపోయింది.

*

హాన్లీ గది తాళాలు ఇచ్చారు గానీ మా ఆయన అందులో అడుగు పెట్టలేదు. బాయిలర్ గది పక్కనున్న తన పాత కొట్లోనే పిల్లల్ని ఇరికించి మీటింగులు పెట్టేవాడు.

"ఆ గదిలో కూర్చుంటే కుర్చీ కరుస్తుందా?" అన్నాను.

"బతికున్నవాడి కుర్చీ అది. బల్ల కింద ఆయన బూట్లు కూడా అలాగే ఉన్నాయి."

"బూట్లు ఇంటికి పంపించెయ్. వాళ్ళావిడ పెట్టుకుంటుంది."

"నీకన్నీ వేళాకోళమే" అని నవ్వేశాడు.

ఆటల్లోనూ అంతే. బెంచీ చివర ఉన్న ఆ మొదటి కుర్చీ మీద తువ్వాలు వేసి ఖాళీగా ఉంచేవాడు. ఆట మొత్తం నిలబడే ఉండేవాడు. కాళ్ళు పీకితే కూర్చునేది మాత్రం రెండో కుర్చీలో. ఊరంతా మెచ్చుకుంది, ఎంత మర్యాదస్తుడో అని. నాకు ఒళ్ళు మండేది. ఇంతకీ నేను మాత్రం ఏం పొడిచాను? బెంచీ వెనకాల వరసలో కోచ్‌ల భార్యలం కూర్చుంటాం. నడవా పక్కన మొదటి సీటు హెడ్ కోచ్ భార్యది. బార్బరా హాన్లీ అక్కడ ఎర్ర దిండొకటి వేసుకునేది. ఆవిడ ఆసుపత్రిలో మొగుడి పక్కన ఉన్నన్నాళ్ళూ ఆ దిండు ఆ సీట్లోనే ఉంది. ఎవరూ తీయలేదు. నన్ను జరిగి కూర్చోమనీ ఎవరూ అనలేదు. నేను నా ఐదో సీట్లోనే కూర్చున్నాను.

ఐదో సీటుతో మాకొక లెక్క ఉంది. పెళ్ళైన కొత్తలో, నన్ను మొదటిసారి ఆటకి తీసుకెళ్ళినప్పుడు, ఆట మొదలయ్యే ముందు మా ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసి టై సర్దుకున్నాడు. ఆ రోజు గెలిచారు. అప్పట్నుంచి ప్రతి ఆటకీ అదే పద్ధతి. తిరగడం, చూడడం, టై సర్దుకోవడం. ఊళ్ళు మారాయి, కాలేజీలు మారాయి, ఆ చూపు మాత్రం మారలేదు. నేను లేని ఆట ఒక్కటీ లేదు, జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వెళ్ళేదాన్ని.

ముందు ఒకటి ఓడారు. ఆ తర్వాత గెలవడం మొదలుపెట్టారు. ఎవరూ అనుకోనంతగా గెలిచారు. ఆ ఆటలన్నీ మా వంటింటి బల్ల మీద పుట్టినవే. ఉప్పు డబ్బా అంటే మా టీమ్‌లో మేటి కుర్రాడు లమాంట్, మిరియాల డబ్బా ఇంకొకడు, చక్కెర గిన్నె అవతలి టీమ్‌లో లావుపాటివాడు. వాటిని అటూ ఇటూ జరుపుతూ తనలో తనే గొణుక్కునేవాడు. మర్నాడు తెల్లారకముందే బస్సెక్కి వెళ్ళిపోతే ఆ డబ్బాలు ఎక్కడివక్కడే ఉండేవి. వాటిని కదిపితే ఎక్కడ ఓడిపోతారోనని ఉప్పు వేసుకోకుండానే తినేదాన్ని. బల్లకి అవతల మనిషి లేడు, మాట లేదు, డబ్బాలు మాత్రం నా వంక చూస్తూ ఉండేవి. ఆ చలికాలం నేను మాట్లాడిన మాటల్లో సగం ఆ డబ్బాలతోనే మాట్లాడి ఉంటాను.

మాంసం కొట్టు డెన్నిస్ ఒకరోజు పొట్లం కడుతూ అన్నాడు, "మీ ఆయన కుర్రాళ్ళు భలే ఎగురుతున్నారమ్మా. హాన్లీ వేసిన పునాది మరి."

"ఆసుపత్రి మంచం మీద నుంచి వేస్తున్నాడా పునాది?" అన్నాను.

పాపం పగలబడి నవ్వాడు. నేను వేళాకోళం ఆడాననుకున్నాడు. పేపర్లోనూ అదే పాట. ఓడెల్ ప్రూయిట్ పిల్లలతో ఇట్టే కలిసిపోతాడట, పిల్లలు ఆయన కోసం ప్రాణం పెట్టి ఆడతారట. హాన్లీ గెలిస్తే హాన్లీ బుర్ర గొప్పది. మా ఆయన గెలిస్తే కాళ్ళు గొప్పవి, అవీ పిల్లల కాళ్ళు.

*

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా ఆయన నన్ను కూడా గేరీ అనే ఊరికి తీసుకెళ్ళాడు, లమాంట్ వాళ్ళమ్మ మిస్ ఎర్లీన్ ఇంటికి. లమాంట్ మూడో ఏడాది చదువుతున్నాడు. అప్పటికే పెద్ద పెద్ద కాలేజీల వాళ్ళు వాడి మీద కన్నేశారు. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. ఆ చేతులు చూస్తే తెలుస్తుంది.

హెడ్ కోచ్‌లు ఇలాంటి ఇళ్ళకి ఆఖర్న ఒక్కసారి వస్తారు. హాల్లో సోఫా అంచున కూర్చుని మాటిస్తారు. మా ఆయన మాటిచ్చేది వంటింట్లో, నోట్లో ముద్ద ఉండగా. తల్లులు ఏ మాట నమ్ముతారో వేరే చెప్పక్కర్లేదు.

"ఇంకో ముక్క వేసుకో నాయనా. ఆ ఊళ్ళో నీకు తిండి పెట్టేదెవరు?" అంది ఆవిడ, కోడికూర గరిటెతో ఎత్తుతూ.

"నేనున్నానుగా మిస్ ఎర్లీన్" అన్నాను.

"ఉన్నావులే తల్లీ. నా అంత వెన్న వేస్తావా మరి?"

"వేస్తే ఈయన బెంచీ మీద పట్టడు."

ముగ్గురం నవ్వుకున్నాం. మొక్కజొన్న రొట్టె, ఆకుకూర, పొయ్యి మీద మరుగుతున్న ఏదో తీపి వాసన. ఆ బల్ల దగ్గర నా భుజాలు కిందికి దిగడం నాకే తెలిసింది. ఎన్నాళ్ళుగా బిగబట్టుకుని ఉన్నానో అప్పుడర్థమైంది. అక్కడే ఉండిపోవాలనిపించింది, సిగ్గు లేకుండా.

ఆవిడ గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "ఓ మాటడుగుతాను ఓడెల్. ఆ ఉద్యోగం నీకిస్తారా?"

"ఇంకా ఏమీ అనలేదండీ."

"నువ్వడిగావా?"

"గెలుస్తుంటే వాళ్ళే చూస్తారు కదండీ."

"చూస్తారు నాయనా. చూసీ చూడనట్టు ఊరుకోడమూ వాళ్ళకి తెలుసు" అంది. "నేను నా బిడ్డని ఆ కాలేజీకివ్వలేదు. నీకిచ్చాను. ఈ కుర్చీలోనే కూర్చుని ఏమన్నావు నువ్వు?"

"వాడు పట్టా పుచ్చుకునే దాకా నేనక్కడే ఉంటానన్నాను."

"వాళ్ళు ఇంకొకణ్ణి తెచ్చి పెడితే?"

మా ఆయన ముద్ద దింపాడు. "ఉంటానండీ" అన్నాడు.

తిరిగి వస్తుంటే కార్లో హీటరు పనిచెయ్యక ఇద్దరం కోట్లలో ముడుచుకున్నాం. "నిజంగా ఇచ్చారనుకో, ముందు ఏం చేస్తావ్?" అన్నాను.

ఎప్పుడూ ఇలాంటివి మాట్లాడని మనిషి, ఆ రోజు మాట్లాడాడు. "హాన్లీ బూట్లు ఇంటికి పంపిస్తా" అన్నాడు. తర్వాత, "ఇల్లు పియోరియా రోడ్డు వైపు చూద్దాం, నీకు చర్చి దగ్గరవుతుంది" అన్నాడు. ఇంకాసేపాగి, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా, "నిన్ను నడవా పక్క సీట్లో కూర్చోబెడతా. మొదటి రోజునే. నువ్వొద్దన్నా సరే" అన్నాడు.

"నేనెందుకొద్దంటాను?" అన్నాను. ఇంటికొచ్చే దాకా ఆ మాటనే నములుతూ కూర్చున్నాను.

*

మార్చిలో మా వైపు కాలేజీలన్నిటి టోర్నమెంటు ఫైనల్. హాన్లీ కూడా వచ్చాడు, ఆపరేషన్ తర్వాత మొదటిసారి బయటికి. కోటు ఒంటి మీద వేలాడుతోంది. పక్కన బార్బరా, తన ఎర్ర దిండు తెచ్చుకుని మరీ నడవా పక్కన కూర్చుంది. నన్ను చూసి చెయ్యూపింది. ఆవిడ చెడ్డది కాదు. అదే వచ్చిన చిక్కు, వాళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

ఆఖరి నిమిషంలో మా ఆయన పిల్లల్ని చుట్టూ పోగేసి ఏదో గీసి చూపించాడు. నాకు దూరం నుంచే తెలిసిపోయింది, అది చక్కెర గిన్నె ఆట. ఉప్పు డబ్బా ఎటు తిరుగుతుందో నేను ముందే చెప్పగలను. లమాంట్ అటే తిరిగాడు, ఎగిరాడు, బంతి వలలో పడింది. గెలిచాం. నేను అరిచిన అరుపుకి ముందు వరసలో ముసలాయన చెవులు మూసుకున్నాడు.

గెలిచిన రోజు వల కోసుకోవడం ఆనవాయితీ. బుట్ట కింద నిచ్చెన వేస్తారు. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కి ఒక్కో పోగు కత్తిరించుకుంటారు, వాళ్ళ తర్వాత అసిస్టెంట్లు. ఆఖరి పోగు హెడ్ కోచ్‌ది. అది తెగగానే వల మొత్తం ఆయన చేతిలోకి వస్తుంది, మెళ్ళో వేసుకుని జనానికి చూపిస్తాడు. ఆ ఫోటోనే కాలేజీ గోడకెక్కుతుంది.

పిల్లలు ఎక్కారు, దిగారు. లమాంట్ తన పోగుని చెవికి తగిలించుకుని గెంతుతున్నాడు. అసిస్టెంట్ల వంతు వచ్చింది. నేను కెమెరా సర్దుకుంటున్నాను, ఆఖర్న ఆయన ఎక్కినప్పుడు తీద్దామని. తలెత్తేసరికి నిచ్చెన మీద మా ఆయన ఉన్నాడు. తన తర్వాతి అసిస్టెంటు బిల్లీకి ముందు. ఎప్పుడూ ఎక్కే చోటే. ఒక్క పోగు కత్తిరించుకుని, జేబులో వేసుకుని, దిగి, పక్కకి తప్పుకుని, బిల్లీ ఎక్కుతుంటే నిచ్చెన కాళ్ళు పట్టుకున్నాడు. రెండో కుర్చీవాడి పని అదే కదా.

బిల్లీ దిగాడు. వల ఒక్క పోగు మీద వేలాడుతోంది. కత్తెర పట్టుకుని బిల్లీ అటూ ఇటూ చూస్తున్నాడు. బ్యాండు వాయిస్తూ వాయిస్తూ ఆగింది. అప్పుడు చూశాను మా ఆయన భుజాలు. అర్థమైపోయింది ఆయనకి. మెల్లగా తలెత్తి ఆ వల వంక చూశాడు. చెయ్యి ఇంకా నిచ్చెన మీదే ఉంది.

"కోచ్ ఓడెల్! నువ్వే, నువ్వే ఎక్కాలి! మళ్ళీ ఎక్కు!" అని లమాంట్ అరిచాడు. కానీ అప్పటికే పై వరసల్లో ఎవరో "హాన్లీ! హాన్లీ!" అని అందుకున్నారు. చూస్తుండగా ఊరంతా అదే పాట. పడిపోయి లేచినవాణ్ణి చూసి జనానికి కళ్ళనీళ్ళొచ్చాయి, తప్పుపట్టలేను. ఎవరెవరో ఆయన్ని లేవదీశారు. నిచ్చెన దాకా వచ్చి ఆయన ఆగాడు.

"ఓడెల్, ఇది నీది కదయ్యా" అన్నాడు హాన్లీ. పెదవులు చూస్తే తెలిసింది.

ఎక్కొచ్చు. ఆ మాటన్నాక ఎక్కేయొచ్చు. ఎక్కు, ఎక్కు ఓడెల్ అని నేను పళ్ళ బిగువున అనుకుంటున్నాను.

"రండి కోచ్, నేను పట్టుకుంటా" అన్నాడు మా ఆయన.

హాన్లీ ఒక్కో మెట్టూ ఎక్కాడు. మా ఆయన నిచ్చెన కదలకుండా పట్టుకున్నాడు. ఫోటోలో ఆ చేతులు పడ్డాయి. మనిషి పడలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం ఆయన కోటు జేబులు దులుపుతుంటే ఆ పోగు దొరికింది. చిటికెన వేలంత దారం ముక్క. బల్ల మీద పెట్టాను.

"ఎందుకెక్కావు ముందే?"

"బిల్లీ నా వెనకున్నాడు. నేనెప్పుడూ బిల్లీకి ముందే ఎక్కుతాను."

"ఓడెల్!"

"కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి వెర్నెట్టా. పిల్లలయ్యాక నేనే కదా. ఎప్పుడూ నేనే." కిటికీలోకి చూస్తూ అన్నాడు. "సగం మెట్లు దిగేదాకా నాకసలు తట్టలేదు."

తిట్టాలని నోరు తెరిచాను. ఆయన్ని చూస్తే జాలేసింది, జాలేసినందుకు కోపమొచ్చింది. గిన్నెలు తోముకుంటూ ఏడ్చాను, నీళ్ళ చప్పుడులో.

జాతీయ టోర్నమెంటులో మొదటి ఆటే ఓడిపోయాం. ఆ తర్వాత కాలేజీ వాళ్ళు కొత్త హెడ్ కోచ్ కోసం వెతకడం మొదలుపెట్టారు. ఇంటర్వ్యూకి మా ఆయన్నీ పిలిచారు. మావాళ్ళలో ఒకణ్ణి కూడా పిలిచామని చెప్పుకోవాలి కదా. ఇచ్చిన కాఫీ చల్లారకముందే బయటికొచ్చాడు. "బాగానే మాట్లాడారు" అన్నాడు. అదే వారంలో అలబామా నుంచి ఫోన్. అక్కడ మా నల్లవాళ్ళ కాలేజీ ఒకటి, చిన్నది, జిమ్ముకి పైకప్పు కారుతుందట గానీ హెడ్ కోచ్ పని. మొదటి కుర్చీ. నేను అప్పుడే మనసులో సామాన్లు సర్దేశాను. వీధి చివర చర్చి, పక్కింట్లో జడలల్లే మనిషి, కొట్లో నా వంక రెండోసారి తిరిగి చూడని జనం.

వెస్టన్ ఏప్రిల్లో ఇంటికే వచ్చాడు. కేకు కోసి పెట్టాను. ఫోర్కుతో దాన్ని చిదుపుతూ కూర్చున్నాడు.

"టాడ్ బ్రినర్ అని, కుర్రాడు. పెద్ద యూనివర్సిటీలో పనిచేశాడు" అన్నాడు.

"హెడ్ కోచ్‌గానా?" అన్నాను.

"కాదు... మూడో అసిస్టెంటు. కానీ చూడగానే నాయకుడనిపిస్తాడు. మనిషిలో ఆ ఇది ఉంది."

"మా ఆయన్ని చూడగానే ఏమనిపిస్తుందండీ?"

వెస్టన్ ఫోర్కు పక్కన పెట్టాడు. తర్వాత ఆ మాటని తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, నవ్వుతూ మా ఆయన వైపు తిరిగాడు. "నువ్వు తప్పుగా అనుకోకు ఓడెల్. ఆ రోజు నిచ్చెన దగ్గర... మా బోర్డులో ఒకాయన అన్నాడు, సరదాకే అన్నాడులే. హెడ్ కోచ్‌నని ఆయనకే గుర్తులేకపోతే మనకెందుకు గుర్తుండాలి అని."

మా ఆయన నవ్వలేదు. ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకుని, అడుగున ఒకసారి తుడిచి, ఉన్నచోటే పెట్టాడు.

"నువ్వుండాలి ఓడెల్" అన్నాడు వెస్టన్. "లమాంట్, ఇంకొందరు కుర్రాళ్ళు వెళ్ళిపోతామంటున్నారు. తల్లులు నీ మాట వింటారు. ఒక్కసారి ఫోన్ చేసి..."

ఇప్పుడు గెంటుతాడు, ఇప్పుడు గెంటుతాడు అని చూస్తున్నాను.

"ఈ బ్రినర్, పిల్లల్ని క్లాసులకి పంపిస్తాడా?" అని అడిగాడు మా ఆయన.

వెస్టన్ కారు వెళ్ళగానే నేను ఒంటికాలి మీద లేచాను. "పద. అలబామాకి ఫోన్ చెయ్. ఇప్పుడే."

"లమాంట్‌కి ఇంకా ఏడాదుంది."

"లమాంట్ నీ కడుపున పుట్టాడా?"

"వాళ్ళమ్మకి మాటిచ్చాను."

"మరి నాకిచ్చిన మాట?" అన్నాను. "ఈ ఊళ్ళో నేనెవరితో మాట్లాడతానో ఎప్పుడైనా అడిగావా? డబ్బాలతో మాట్లాడుతున్నాను ఓడెల్! నువ్వు ఊరూరా అమ్మలందరి వంటిళ్ళలో కూర్చుంటావు, నీ ఇంట్లో వంటిల్లు ఖాళీ. నడవా పక్క సీటన్నావు. నేనడిగానా? నువ్వే అన్నావు!"

ఆయన వెస్టన్ వదిలేసిన కేకు పళ్ళెం తీసి తొట్లో పెట్టాడు.

"నువ్వుండు. నేను మా అక్క దగ్గరికి మెంఫిస్ పోతాను. వచ్చే సీజన్‌కి ఐదో సీట్లో నన్ను వెతుక్కోకు" అన్నాను.

అప్పుడు గోడ ఫోన్ అందుకుని గేరీకి చేశాడు. "మిస్ ఎర్లీన్, నేనండీ... ఇవ్వలేదండీ... ఆ, కుర్రాడు... నేనా? నేనుంటాను. లేదు లేదు, వాణ్ణి కదపకండి, కాలేజీ మారితే చదువులో ఏడాది పోతుంది... వాళ్ళ కోసం చెప్పట్లేదండీ, వాడి కోసం చెప్తున్నాను." చాలాసేపు విన్నాడు. తర్వాత ఫోన్ నా వైపు చాచాడు. "నిన్నిమ్మంటోంది."

"ఎలా ఉన్నావు తల్లీ?" అంది మిస్ ఎర్లీన్.

ఆ సీజన్ మొత్తంలో నన్ను ఆ మాటడిగిన మనిషి ఆవిడే.

"బాగున్నానండీ."

"అబద్ధం. అక్కడెలా బాగుంటావ్?" అంది. ఆ తర్వాత ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. ఆవిడ ఊపిరి ఆ వైపు, నాది ఈ వైపు.

*

మెంఫిస్ వెళ్ళాను. వేసవంతా అక్కడే ఉన్నాను. అక్క వాళ్ళింట్లో జనం, చుట్టూ మాటలు, వారం వారం చర్చి. జుట్టు ఎంత అందంగా అల్లించుకున్నానో! అయినా భోజనం బల్ల దగ్గర కూర్చుంటే ఉప్పు డబ్బాని ముట్టుకోవడానికి చెయ్యి వెనకాడేది. ఆయన ఆదివారాలు ఫోన్ చేసేవాడు. రమ్మని ఒక్కసారీ అనలేదు. అడిగే హక్కు లేదనుకుని ఉంటాడు.

నవంబరులో మొదటి ఆట రోజు చెప్పకుండా బస్సెక్కాను. ఊళ్ళో దిగేసరికి మంచు మొదలైంది. జిమ్ము దీపాలు అప్పుడే వేస్తున్నారు, వరసలన్నీ ఖాళీ. బార్బరా తన దిండు తీసుకెళ్ళిపోయింది. నేను ఐదో సీటు దాకా నడిచాను, అలవాటు మరి. అక్కడ ఆగాను. వెనక్కి వచ్చి నడవా పక్క మొదటి సీట్లో కూర్చున్నాను. ఏదో దొంగతనానికొచ్చినట్టు అటూ ఇటూ చూసుకున్నాను.

బిల్లీ భార్య కెల్లీ వచ్చింది. "వెర్నెట్టా! వచ్చేశావా!" అని కావిలించుకుని, తర్వాత చెవిలో అంది, "అదీ... అది మేగన్ సీటు కదా. కొత్త కోచ్ గారి భార్య."

"పేరు రాసుందా?" అన్నాను.

మేగన్ వచ్చింది. చంటిబిడ్డ చంకలో, సంచి భుజాన, ఊపిరాడట్లేదు. చిన్నపిల్ల. ఆ ఊళ్ళో ఆ పిల్లకీ ఎవరూ తెలియదు, మొహం చూస్తేనే తెలుస్తోంది. నా పక్క సీటు చూపించి, "ఇక్కడెవరైనా ఉన్నారా అండీ?" అంది.

"ఎవరూ లేరమ్మా, కూర్చో. బిడ్డని ఇలా ఇవ్వు, కోటు విప్పుకుందువుగాని."

కాళ్ళు పక్కకి తీసి దారిచ్చాను. బిడ్డ నా ఒళ్ళోకొచ్చింది, జడలు పట్టుకుని లాగడం మొదలెట్టింది.

పిల్లలు కోర్టులోకి వచ్చారు. ముందు లమాంట్. బెంచీ దగ్గర మొదటి కుర్చీ ముందు టాడ్ బ్రినర్ నిలబడ్డాడు, రెండో కుర్చీ ముందు మా ఆయన. జుట్టు ఇంకాస్త తెల్లబడింది. ఆట మొదలయ్యే ముందు ఆయన వెనక్కి తిరిగాడు. నేనుంటానని కాదు. తిరగడం అలవాటు, అంతే. కళ్ళు తిన్నగా ఐదో సీటు దగ్గరికి వెళ్ళాయి. సీటు ఖాళీ. ఆ ఖాళీ వంక కాసేపు చూశాడు. వేసవి నుంచీ అనుకుంటున్నదే నిజమైనట్టు తలొకటి ఊపి ముందుకి తిరగబోయాడు.

బిడ్డ కేక పెట్టింది. ఆయన తలెత్తాడు. కెల్లీని దాటి, మేగన్‌ని దాటి, నడవా దాకా వచ్చాయి కళ్ళు. అక్కడ ఆగిపోయాయి.

కొత్త కోచ్ ఏదో అడుగుతున్నాడు, వినపడనట్టుంది. చెయ్యి మాత్రం మెల్లగా పైకొచ్చింది, టై ముడి దొరికేదాకా తడుముకుంది. దాన్ని సర్దుకున్నాడు. సర్దిందే మళ్ళీ సర్దుకున్నాడు. తర్వాత తన రెండో కుర్చీలో కూర్చున్నాడు.

హారన్ మోగింది, అందరూ చప్పట్లు కొడుతూ లేచి నిలబడ్డారు. నేను లేవలేదు.